రెండు పూల కాడల ఆర్కిడ్: కుండీ తిప్పడం నుంచి కాడ కోయడం దాకా ఒక కేస్ స్టడీ

మొక్క: ఫలనాప్సిస్ అనే ఆర్కిడ్ జాతి హైబ్రిడ్, పెద్ద తెల్ల పూల రకం. చోటు: హైదరాబాద్, కొండాపూర్‌లో ఐదో అంతస్తు ఫ్లాటు, తూర్పు కిటికీ. సమస్య: రెండు కొత్త పూల కాడలు కొద్ది తేడాతో బయటికొచ్చాయి. పెద్దది కిటికీ వైపు అడ్డంగా వాలిపోయింది. దాన్ని నిలబెట్టాలని ఇంట్లోవాళ్లు అప్పటికే దారంతో కట్టేశారు.

ఇళ్లకు వెళ్లి మొక్కలు చూసి, సలహా చెప్పి, అవసరమైతే కుండీ మార్చి ఇవ్వడం నా పని. ఆర్కిడ్ల గురించి వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం "ఆకులు బాగున్నాయి, పూలే రావట్లేదు" అనేవే. కాడ వచ్చాక సలహా అడిగేవాళ్లు తక్కువ, ఎందుకంటే కాడ కనిపించగానే ఇక గండం గడిచిందనుకుంటారు. నేను చూసినంతలో కాడ బయటపడ్డాక మొదటి పువ్వు విచ్చేదాకా ఉన్న ఆ మూడు నెలలే అసలు జాగ్రత్తగా ఉండాల్సిన కాలం. కాడ విరగడం, మొగ్గలు రాలడం, పూలు తలోవైపు తిరగడం, అన్నీ అప్పుడే జరుగుతాయి. ఈ కేసులో ఆ మూడింటి ప్రమాదమూ ఎదురైంది, అందుకే వివరంగా రాస్తున్నాను.

అసలు కాడ ఎందుకొచ్చింది

మొక్క యజమాని రిటైరైన టీచర్ గారు. గృహప్రవేశానికి బంధువులు ఫిబ్రవరిలో పూలతో ఉన్న కుండీ ఇచ్చారు. మే నెలకల్లా పూలు రాలాయి, ఎండిన కాడను కోసేశారు. వానలు మొదలయ్యాక నర్సరీ నుంచి వచ్చిన పాత స్ఫాగ్నమ్ మాస్ (నీళ్లు పట్టి ఉంచే ఎండు నాచు) తీసేసి, పైన్ బెరడు, బొగ్గు ముక్కలు కలిపిన మిశ్రమంలోకి మొక్కను మార్చారు. కుండీ లోపల వేళ్లు కనిపించే ప్లాస్టిక్‌ది. ఇది ఆవిడ చాలా మంచి పని చేశారు. వేళ్ల మధ్య బిగించి ఉన్న మాస్ ముద్ద పైన ఆరినట్టు కనిపించినా లోపల రోజుల తరబడి తడిగానే ఉంటుంది, వేళ్లు అక్కడే కుళ్లుతాయి.

దీపావళికి ఇల్లు సర్దుతూ కుండీని బాల్కనీలో పెట్టారట, తర్వాత లోపలికి తేవడం మర్చిపోయారు. కాడలకు కారణం అదే. ఫలనాప్సిస్‌కు పూల కాడ రావాలంటే కొన్ని వారాల పాటు ఉష్ణోగ్రత సుమారు 26 డిగ్రీల కన్నా తక్కువలో ఉండాలి. 28 దాటి ఉన్నంతకాలం అది ఆకులే వేస్తుంది. ఈ లెక్క తెలిసిన వాణిజ్య నర్సరీలు మొక్క పెరగాల్సినంతకాలం వెచ్చగా ఉంచి, పూలు కావాల్సిన సమయానికి చల్లటి గదుల్లోకి మారుస్తాయి. హైదరాబాద్‌లో ఆ పని నవంబర్ రాత్రులే చేసిపెడతాయి. తలుపులన్నీ మూసిన ఫ్లాటులో మాత్రం గోడలు పగటి వేడిని వదులుతూ ఉంటాయి కాబట్టి ఆ చలి మొక్కకు అందదు. పూలు రావట్లేదని ఫోన్ చేసేవాళ్లలో చాలామందికి నేను చెప్పే మొదటి మందు బాల్కనీయే. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో తేమ మనకన్నా బాగుంటుంది, కానీ రాత్రి చలి ఆలస్యంగా వస్తుంది. అక్కడివాళ్లు ఇంకొంత ఓపిక పట్టాలి.

డిసెంబర్ మొదట్లో టీచర్ గారు ఫొటో పంపి అడిగారు: "ఇది వేరా అమ్మా, పూల కాడా? నాకు టెన్షన్‌గా ఉంది. రెండోది కూడా వస్తోంది."

తేడా చెప్పడం కష్టం కాదు. వేరు కొస గుండ్రంగా, నునుపుగా ఉంటుంది, దాని వెనక భాగం వెండి రంగు పొరతో కప్పుకుని ఉంటుంది. కాడ కొస కాస్త చదునుగా, ఒక పక్క చిన్న మడత ఉన్నట్టుగా ఉంటుంది, కొద్దిగా పెరిగేసరికి కణుపు, దానిమీద పొలుసు లాంటి చిన్న ఆకు కనిపిస్తాయి. కాడ ఎప్పుడూ ఆకు మొదలు దగ్గర నుంచే, సాధారణంగా పై నుంచి మూడో నాలుగో ఆకు కింద నుంచి పుడుతుంది. టీచర్ గారి ఫొటోలో రెండూ కాడలే.

మొదటిసారి చూసినప్పుడు

గట్టి ఆకులు ఐదు. అన్నిటికన్నా కొత్త ఆకు దాని కిందిదానికన్నా పొడవుగా ఉంది, అంటే మొక్క గత ఆరు నెలల్లో బలపడిందనే. కుండీ గోడలోంచి చూస్తే వేళ్లు ఎండినచోట వెండి రంగులో, తడిచోట ఆకుపచ్చగా ఉన్నాయి. గోధుమ రంగుకు తిరిగి మెత్తబడినవి ఒకటి రెండే. పెద్ద కాడ 17 సెంటీమీటర్లు, చిన్నది 5.

పెద్ద కాడను ఒక వెదురుపుల్లకు దారంతో మూడుచోట్ల బిగించి, నిటారుగా లాగి కట్టారు. కాడ మొదలు దగ్గర, ఆకు చంకలో, చర్మం తెల్లబడి సాగినట్టు ఉంది. ఇంకొంచెం లాగితే అక్కడే పుటుక్కున ఊడొచ్చేది. ముందు ఆ దారాలు కత్తిరించాను. కాడ మళ్లీ కిటికీ వైపు వాలిపోయింది. టీచర్ గారికి అది చూసి దిగులేసింది. నిజానికి కాడ వెలుగు వైపు వెళ్లడం దాని స్వభావం, అందులో రోగమేమీ లేదు. తీగల్లాగా కాడ ఊతాన్ని పట్టుకుని పాకదు. అడవిలో ఈ జాతి మొక్కలు చెట్టు బోదెను పట్టుకుని పెరుగుతాయి, పూల బరువుకు కాడ వంగి కిందికి వేలాడుతుంది. దాన్ని నిటారుగా నిలబెట్టాలన్నది మన ఇంటి అవసరమే: చోటు తక్కువ, కుండీ తేలిక, పూలు ఎదురుగా కనిపించాలి. ఈ సంగతి మనసులో ఉంటే కాడను ఎంత వంచాలి, ఎక్కడ ఆపాలి అనేది తేలిగ్గా తెలుస్తుంది.

నీళ్లు కూడా పరీక్షించాను. బోరు నీళ్లలో టీడీఎస్, అంటే కరిగి ఉన్న లవణాల కొలత, 900 దాటి చూపించింది. బెరడు ముక్కల అంచుల మీద తెల్లటి ఉప్పు పేరుకోవడం మొదలైంది. కాడ పెరిగేటప్పుడు వేళ్ల కొసలు మాడితే ఆ దెబ్బ ముందు మొగ్గల మీదే కనిపిస్తుంది. కాబట్టి ఆ రోజే కుండీని సింకులో పెట్టి, ఆర్‌ఓ ఫిల్టరు నుంచి వచ్చిన మంచినీటిని కుండీకి మూడింతలు పోసి కడిగాం. అప్పట్నుంచి తాగే నీళ్లే పొయ్యమన్నాను. వేళ్లు వెండి రంగుకు తిరిగాకే పొయ్యాలి, పోసినప్పుడు అడుగు నుంచి ధారగా కారేలా పొయ్యాలి, ఆకుల నడిమి గుంటలో నీళ్లు నిలిస్తే కాగితంతో అద్దేయాలి. ఎరువు 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉన్నది), లీటరు నీళ్లకు అర గ్రాము, నీళ్లు పోసేటప్పుడు ఒకసారి మార్చి ఒకసారి. కాడ వచ్చింది కదా అని ఎరువు రెట్టింపు చేయకూడదు, చాలామంది చేస్తారు.

రెండు కాడలూ ఉంచాలా, ఒకటి తీసేయాలా? నా పద్ధతి ఇది: గట్టి ఆకులు నాలుగుకన్నా తక్కువ ఉన్నా, వేళ్లలో సగం పోయినా, ఒక కాడను చిన్నగా ఉన్నప్పుడే తీసేస్తాను. పూలకయ్యే నీళ్లు, ఆహారం మొక్క తన ఆకుల్లోంచి, వేళ్లలోంచే తీసి పెట్టాలి. డెండ్రోబియం అనే ఇంకో ఆర్కిడ్‌లా లావు కాండంలో దాచుకునే వీలు ఫలనాప్సిస్‌కు లేదు. బలం చాలకపోతే పూలు పూసి ఆకులు వాడిపోతాయి, మళ్లీ కోలుకోవడానికి ఏడాదికి పైనే పడుతుంది. ఈ మొక్క ఆకులు, వేళ్లు చూశాక రెండూ ఉంచవచ్చని చెప్పాను.

కుండీని ఒక్కసారి తిప్పడం

ఊతం కన్నా ముందు చేసిన పని ఇదే. ఫలనాప్సిస్ ఆకులు రెండు వరసల్లో, ఎదురెదురుగా వస్తాయి. ఈ కుండీలో ఒక వరస కిటికీ వైపు, ఇంకోటి గది వైపు ఉంది. పెద్ద కాడ కిటికీ వైపు నుంచి పుట్టింది కాబట్టి సూటిగా అద్దం మీదికి వెళ్లిపోయింది. చిన్నది గది వైపు పుట్టింది, వెలుగు కోసం మొక్క మీదుగా వెనక్కి తిరిగి ఆకుల మధ్య ఇరుక్కునేలా ఉంది. కుండీని పావు వంతు తిప్పి, ఆకుల వరసలు కిటికీకి సమాంతరంగా వచ్చేలా పెట్టాను. అప్పుడు రెండు కాడలూ చెరో పక్క నుంచి లేచి, దాదాపు ఒకేలా వెలుగు వైపు వంగుతాయి. కుండీ మీద కిటికీ వైపున మార్కరుతో గీత పెట్టి, తుడిచేటప్పుడు పక్కకు జరిపినా గీత మళ్లీ అటే ఉండేలా పెట్టమని పనమ్మాయికి చూపించాం.

తిప్పడమంటూ ఉంటే మొగ్గలు కట్టకముందే, అదీ ఒక్కసారే. పువ్వు విచ్చే ముందు మొగ్గ తన తొడిమ మీద తిరిగి, పెదవి లాంటి రేకు కిందికి వచ్చేలా సర్దుకుంటుంది. ఆ సమయంలో కుండీ ఇవాళ ఇటు, రేపు అటు తిప్పితే ఒక్కో పువ్వు ఒక్కో దిక్కు చూస్తుంది. ఆ తర్వాత దాన్ని సరిచేసే దారి లేదు.

ఊతం కట్టడం

పెద్ద కాడ 20 సెంటీమీటర్లు దాటేదాకా ఆగాం. మరీ చిన్నగా ఉన్నప్పుడు అది రసం నిండి పెళుసుగా ఉంటుంది, పట్టుకుంటేనే విరుగుతుంది. మరీ ముదిరాక వంగదు. ఈ రెంటి మధ్య కొద్ది వారాల వ్యవధి ఉంటుంది, అప్పుడే పని చేయాలి. సమయం కూడా ముఖ్యం: మధ్యాహ్నం తర్వాత, నీళ్లు పోయడానికి ముందు రోజు. పొద్దున్నే, అందులోనూ నీళ్లు పోసిన మర్నాడు, కాడ నీళ్లతో బిగుసుకుని ఉంటుంది. కాస్త ఆరిన మొక్క కాడ చేతికి లొంగుతుంది.

వెదురుపుల్లకు బదులు ప్లాస్టిక్ తొడుగున్న 4 మిల్లీమీటర్ల ఇనుప తీగ తీసుకున్నాను, 50 సెంటీమీటర్లు. పుల్ల ఎప్పుడూ నిటారే కాబట్టి దానికి కట్టాలంటే కాడే వంగాలి. తీగనైతే కాడ ఎలా వాలి ఉందో ముందు అలాగే వంచి కట్టవచ్చు, తర్వాత కొద్దికొద్దిగా తీగను లేపుతూ పోవచ్చు. నా దృష్టిలో ఊతం విషయంలో అసలు కిటుకు ఇదొక్కటే. కాడను మన వేళ్లతో వంచకూడదు, వంచాల్సింది తీగను.

తీగ గుచ్చే ముందు బెరడును పైపైన తడిపాం. తడిసిన వేళ్లు మెత్తబడి పక్కకు జరుగుతాయి, ఎండినవి పుటపుటా విరుగుతాయి. కాడ మొదలుకు దగ్గరగా, పారదర్శక కుండీలోంచి వేళ్ల దారి చూసుకుంటూ మెల్లగా దించాను. అడ్డు తగిలితే బలం పెట్టకుండా బయటికి తీసి పక్కనే ఇంకోచోట దించాలి. అడుగు తగిలేదాకా వెళ్తేనే తీగ ఊగదు.

మొదటి క్లిప్పు మొదలు నుంచి ఆరు సెంటీమీటర్ల పైన, కణుపుకు కాస్త కింద పెట్టాం. ఆర్కిడ్ క్లిప్పులని సీతాకోకచిలుక ఆకారంలో చిన్న ప్లాస్టిక్‌వి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, జుట్టుకు పెట్టుకునే చిన్న క్లిప్పులైనా సరిపోతాయి. టీచర్ గారి ఇంట్లో పూలు కట్టే అరటినార ఉంది. నాకు అన్నిటికన్నా నచ్చేది అదే, తడిపి తీగకు, కాడకు మధ్య ఎనిమిది అంకెలా తిప్పి వదులుగా ముడేస్తే కాడ లావెక్కినా కోసుకుపోదు. సన్నటి దారం, నైలాన్ తాడు, ఇనుప తీగతో నేరుగా బిగించడం వద్దు. చిన్నవేలి గోరు దూరేంత సందు ఉండాలి.

రెండో ముడి మొదటిదానికి 8 సెంటీమీటర్ల పైన. ఆ పైన కొస వదిలేశాం. కాడ పెరిగేదంతా కొస దగ్గరే, దాన్ని కట్టేస్తే మెలిక పడుతుంది. మొదటిరోజు తీగ కాడ వాలినట్టే వాలి ఉంది, చూడ్డానికి ఏమీ మారలేదు. ఆ తర్వాత టీచర్ గారే నాలుగైదు రోజులకోసారి, సాయంత్రం, తీగ మొదలును బొటనవేలితో ఆపి పట్టుకుని పైభాగాన్ని కొద్దిగా లేపేవారు. క్రిస్మస్ దాటేసరికి కాడ సుమారు అరవై డిగ్రీల వాలుకు వచ్చింది. అక్కడ ఆపేయమన్నాను. పూర్తిగా నిటారు చేయడం నాకు ఇష్టం ఉండదు. కాస్త వాలు ఉంటేనే పూలు ఒకదానికొకటి తగలకుండా రెండు వరసల్లో అందంగా సర్దుకుంటాయి.

చిన్న కాడ వంతు వచ్చేసరికి అది ముందే కోరుకున్న దిక్కున పెరిగింది. దానికి సన్న వెదురుపుల్ల, రెండు అరటినార ముడులు సరిపోయాయి.

సంక్రాంతి రోజు

ఇంటి నిండా చుట్టాలు. ఎవరో కర్టెన్ లాగారు, అంచు చిన్న కాడ కొసకు చిక్కుకుంది. రెండో ముడికి పైన, కణుపుల మధ్య కాడ చిట్లి పక్కకు వంగింది. ముడి లేకపోతే ఆ లాగుడు మొదలు దాకా పోయి కాడ మొత్తం ఊడేది. టీచర్ గారు వెంటనే ఫోన్ చేసి ఫొటో పంపడం వల్ల కాడ ఎండకముందే పని జరిగింది.

చిట్లింది ఒక పక్కే, సగానికి పైగా కండ అలాగే ఉంది. ఇలాంటప్పుడు కోసేయాల్సిన పని లేదు. శీతలపానీయం స్ట్రాను మూడు సెంటీమీటర్లు కత్తిరించి, నిలువుగా చీల్చి, దెబ్బ మీద తొడిగి, మందుల షాపులో దొరికే కాగితపు టేపు చుట్టమన్నాను. ఆ కొసకు ఆనుకునేలా ఇంకో సన్న పుల్ల. దెబ్బకు నీళ్లు తగలకుండా చూసుకోవాలి, అంతే. పది రోజులకు కొస మళ్లీ పెరగడం మొదలుపెట్టింది. పూర్తిగా తెగిపోయి ఉంటే, మిగిలిన కాడను ఒక కణుపుకు సెంటీమీటరు పైన శుభ్రమైన బ్లేడుతో కోసేవాళ్లం. అప్పుడు ఆ కింది కణుపుల్లోంచి పక్క కొమ్మ వచ్చే అవకాశం ఉంటుంది.

మొగ్గలు

జనవరి చివరికి పెద్ద కాడ మీద మొగ్గలు స్పష్టంగా కనిపించాయి. మొదటి మొగ్గకు కాస్త కింద చివరి ముడి వేశాం, దాని పైన ఏమీ కట్టలేదు. మొగ్గల బరువుకు కొస తనంతట తానే విల్లులా వంగింది.

అప్పుడే కణుపుల దగ్గర జిగట చుక్కలు కనిపించాయని మళ్లీ ఫోన్. ఆ చుక్కలు చాలాసార్లు మొక్క తనే వదిలే తీపి రసం, తడిగుడ్డతో తుడిస్తే చాలు. కానీ ఇక్కడ చీమలు కూడా ఉన్నాయన్నారు, అందుకని భూతద్దంతో చూడమన్నాను. కణుపు పొలుసు కింద పిండినల్లి రెండుచోట్ల దాక్కుని ఉంది. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో వాటిని తీసేసి, వారానికోసారి మళ్లీ చూశాం. కాడ ఉన్న మొక్కల్లో పిండినల్లికి ఇష్టమైన చోటు ఆ పొలుసు కిందే. మొగ్గలకు మాత్రం ఆల్కహాల్ తగలనివ్వకూడదు.

ఫిబ్రవరి మొదటి వారంలో పెద్ద కాడ మీది రెండు మొగ్గలు పసుపు రంగుకు తిరిగి రాలాయి. వేళ్లు బాగున్నాయి, నీళ్లలో తేడా లేదు. గదిలో ఏం మారిందని అడిగితే, వ్రతం కోసం తెచ్చిన రెండు అరటి గెలలు కిటికీ పక్కనే పండుతున్నాయని తెలిసింది. పండే పళ్ల నుంచి ఇథిలీన్ వాయువు వస్తుంది, ఆర్కిడ్ మొగ్గలు, పూలు దానికి బాగా చెడతాయి. గెలలను వంటింటి బాల్కనీలోకి మార్చారు, అగరుబత్తీలు వెలిగించే చోటు కూడా మార్చమన్నాను. ఆ తర్వాత ఒక్క మొగ్గ కూడా రాలలేదు కాబట్టి కారణం అదేనని నా నమ్మకం. మామిడిపళ్ల కాలంలో ఈ సంగతి ఇంకా గుర్తుపెట్టుకోవాలి. అమెరికాలో ఉండే మనవాళ్లకు ఇదే సమస్య చలికాలంలో వేరేలా వస్తుంది, హీటరు గాలి నేరుగా తగిలి తేమ లేక మొగ్గలు రాలతాయి.

పూలు, ఆ తర్వాత

ఫిబ్రవరి మూడో వారంలో మొదటి పువ్వు విచ్చింది. పెద్ద కాడ మీద తొమ్మిది పూలు, అన్నీ గది వైపు కాకుండా కిటికీ వైపే చూస్తూ. చివరి పువ్వు విచ్చి, పూలు గట్టిపడ్డాక అప్పుడు కుండీని గది వైపు తిప్పాం, ఇక ఎలా తిప్పినా పూల దిక్కు చెడదు. చిట్లిన కాడ మీద ఐదు పూలు వచ్చాయి. ఈ బరువుకు ప్లాస్టిక్ కుండీ పక్కకు ఒరిగేలా ఉంటే బరువైన పింగాణీ కుండీలో దించి, అడుగున గులకరాళ్లు వేశాం. ఆ రాళ్ల కిందనే నీళ్లుండాలి, లోపలి కుండీ అడుగు నీళ్లలో మునగకూడదు.

మార్చి చివరి నుంచి ఎండ గాలి మొదలైంది. కుండీని కిటికీ నుంచి ఒక మీటరున్నర లోపలికి జరిపి, సన్నటి తెల్ల కర్టెన్ వేయించాను. ఏసీ గాలి సూటిగా తగలకుండా చూశారు. చల్లటి ఊళ్లలో మూడు నెలలు నిలిచే పూలు మన ఎండల్లో అంతకాలం నిలవవు. ఏప్రిల్ నెలాఖరుకు కింది పూల నుంచి వాడటం మొదలైంది.

ఇక్కడ టీచర్ గారు, నేను కాస్త వాదించుకున్నాం. కాడ ఇంకా పచ్చగానే ఉంది, రెండో కణుపు పైన కోస్తే మళ్లీ పూలొస్తాయని ఆవిడ ఎక్కడో చదివారు. అది నిజమే, వస్తాయి. కానీ మే నెలలో, 40 డిగ్రీల ఎండలో, ఇప్పటికే పద్నాలుగు పూలు మోసిన మొక్కతో మళ్లీ పూయించడం నేను ఒప్పుకోను. ఆ కాలంలో వచ్చే పక్క కొమ్మకు పూలు చిన్నవి, తక్కువ, మొగ్గలు సగం రాలతాయి, వానాకాలంలో వేయాల్సిన ఆకు చిన్నబోతుంది. చివరికి ఆవిడ నా మాటే విన్నారు. రెండు కాడలనూ మొదలుకు రెండు సెంటీమీటర్ల పైన, మంట మీద కాల్చి చల్లార్చిన కత్తెరతో కోశాం. కోతల మీద మాత్రమే దాల్చినచెక్క పొడి అద్దాం. అది వేళ్ల మీద పడితే వాటిని ఎండబెడుతుంది.

జూన్‌లో కొత్త ఆకు కనిపించింది, ఆగస్టు నాటికి అది పాత పెద్ద ఆకుకు సమానమైంది. కింది ఆకు ఒకటి పసుపై రాలింది, అది వయసు మీద రాలిందే, దానికి మందు అక్కర్లేదు. అక్టోబర్ చివర్లో రాత్రులు 20 డిగ్రీలకు దిగగానే కుండీ బాల్కనీకి వెళ్లాలి, రాత్రి 14 లోపుకు పడిపోయే రోజుల్లో లోపలికి రావాలి. బాల్కనీ రైలింగుకు ఒక థర్మామీటరు ఇప్పటికే తగిలించారు. ఈసారి కుండీని ఆకుల వరసలు వెలుగుకు సమాంతరంగా ఉండేలా మొదటి రోజు నుంచే పెడుతున్నారు.